కిటికీ వైపు తిరిగిన కుర్చీ

పత్రిక వచ్చిన రోజు పొద్దున్న సెలూన్‌లో ఎవరికీ పని మీద ధ్యాస లేదు. నగరంలో ఏ పనికి ఏ కొట్టు మంచిదో ఏడాదికోసారి జాబితా వేసే పత్రిక అది. చెప్పులు ఎక్కడ బాగుచేయించుకోవాలి, కోటుకి జిప్పు ఎక్కడ వేయించాలి, కళ్ళజోడు వంకర పోతే విసుక్కోకుండా ఎవరు సరిచేసిస్తారు, అన్నీ అందులో ఉంటాయి. అందులో పేరు పడిన కొట్టుకి ఇక ఏడాదంతా తీరిక ఉండదు. ఇన్నేళ్ళూ తన సెలూన్ పేరు పడలేదని మేడమ్ లోలోపల కుతకుతలాడుతూనే, పైకి మాత్రం "ఆ పత్రిక ఎవరు చదువుతారు లెండి" అంటూ వచ్చింది. ఈసారి పడింది. ఆ పత్రిక చదవనివాళ్ళు మనుషులే కాదన్నట్టు ఒక కట్ట కొనుక్కొచ్చి, కేకు కూడా తెప్పించింది.

"మాస్టారూ, పైకి చదవండి. అందరూ వినాలి" అంది.

మాస్టారంటే పాఠాలు చెప్పే మాస్టారు కాదు. సెలూన్ తెరిచిన నాటి నుంచి మొదటి కుర్చీ దగ్గర కత్తెర పట్టిన మనిషి. జుట్టు విషయంలో ఆయన మాటకి తిరుగులేదు. ఆయన తల మీద మాత్రం జుట్టు లేదు. గొంతు సవరించుకుని మొదలుపెట్టారు.

"'జుట్టు బాగా కత్తిరించేవాళ్ళు నగరంలో ఇంకా కొందరున్నారు...'" అక్కడ ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, అదే వాక్యం మళ్ళీ చదివారు. రెండోసారి కూడా అది అలాగే ఉంది. "కొందరట!" అన్నారు.

"ముందుకెళ్ళండి మాస్టారూ."

"'...కానీ ఈ సెలూన్‌కి వెళ్ళాల్సింది తల కడిగించుకోవడానికి. లోపల బేసిన్ దగ్గర ఒకావిడ ఉంటుంది. ఆవిడ చేతుల్లో తల పెట్టి కళ్ళు మూసుకున్నాక, ఇంట్లోంచి ఎవరి మీద కోపంతో బయల్దేరానో నాకు గుర్తు రాలేదు. ఈ ఊళ్ళో మనిషికి మనిషి చేసే సేవల్లో ఇంతకు మించింది నేను చూడలేదు.'"

అందరూ లోపలి గది వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. అక్కడ తువ్వాళ్ళు మడతపెడుతున్న మనిషి, ఎవరి కోసమా అని తనూ వెనక్కి తిరిగి చూసింది. వెనక గోడ ఉంది.

ఆవిడని అందరూ నురగక్క అంటారు. పనిలో చేరిన మొదటి రోజు ఒక్క తలకి అరసీసా షాంపూ ఒంపేసింది. నురగ బేసిన్ దాటి, కుర్చీ దాటి, నేల మీదికి వచ్చి మాస్టారి బూట్లు తడిపింది. ఆ నురగలోంచి కస్టమరు "అమ్మా, నేనింకా ఉన్నానా?" అని అడిగిందని మాస్టారు ఈనాటికీ కొత్తవాళ్ళకి చెప్తారు. ఆ తర్వాత ఆవిడ చేతి నుంచి చుక్క నురగ కూడా వృథా పోయింది లేదు, కానీ పేరు మాత్రం అంటుకుపోయింది.

నురగక్కకి సంతోషం కలిగింది. కలగలేదంటే అబద్ధం. కేకు ముక్క చేతిలో పట్టుకునే, ఆవిడ చూపు కిటికీ దగ్గరికి పోయింది. అక్కడి కుర్చీ ఖాళీగా ఉంది. దాని దగ్గర పనిచేసే అమ్మాయి వేరే చోట సొంత కొట్టు పెట్టుకుని వెళ్ళిపోయాక, మేడమ్ నోటితోనే అంది, "ఈ ఏడు పత్రిక రానీ, ఆ కుర్చీ నీకే" అని. నురగక్క ఆ మాట పట్టుకుని కత్తెర కొనుక్కుంది. మంచి కత్తెర. గుడ్డలో చుట్టి, సంచీ అడుగున, రోజూ ఇంటి నుంచి సెలూన్‌కీ సెలూన్ నుంచి ఇంటికీ తిప్పుతోంది. ఇంతవరకూ అది సెలూన్‌లో వెలుతురు చూడలేదు.

మేడమ్ ఆ పేజీని చింపి, పాత పటం అద్దంలో బిగించి, బేసిన్ పైన మేకు కొట్టిస్తుంటే నురగక్క దగ్గరికెళ్ళింది.

"మేడమ్, ఆ కుర్చీ సంగతి..."

"ఏ కుర్చీ?"

"కిటికీ దగ్గరది. పత్రిక రానీ అన్నారు కదండీ."

మేడమ్ ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. చెడ్డది కాదు మేడమ్, తనకి ఏది లాభమో అదే ఎదుటివాళ్ళకి మంచిదని మనస్ఫూర్తిగా నమ్మే రకం. "పిచ్చిదానా! ఇప్పుడెలా తీస్తాను నిన్ను ఇక్కణ్ణుంచి? వచ్చేవాళ్ళందరూ ఈ చేతుల కోసమే వస్తారు. కత్తిరించేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు."

"అంటే..." అని దూరం నుంచి మాస్టారు గట్టిగా దగ్గారు.

మేకు గోడలో దిగింది. నురగక్కకి అది తన చీలమండలో దిగినట్టే అనిపించింది. పని బాగా చేసినందుకు మెచ్చుకున్నారు. మెచ్చుకున్నారు గనక ఇక కదలడానికి వీల్లేదు. ఇదెక్కడి న్యాయమో ఆవిడకి అర్థం కాలేదు. కేకు తినకుండా తువ్వాళ్ళ అలమరలో పెట్టేసి, మొదటి తల కోసం నీళ్ళు వదిలింది.

నీళ్ళ వేడి వేళ్ళకి తెలియదు, ముంజేతి లోపల పోసుకుంటే తెలుస్తుంది. మెడ కింద తువ్వాలు మడత సరిగ్గా పుర్రె మొదలయ్యే చోటికి రావాలి, లేకపోతే మనిషి పడుకున్నంతసేపూ మెడ బిగబట్టుకునే ఉంటుంది. నుదుటి దగ్గర ఎడమ అరచెయ్యి గట్టులా అడ్డం పెట్టి, కుడిచేత్తో నీళ్ళు పట్టాలి. చెవి మీదికి వచ్చేసరికి చెయ్యి దోసిలి కావాలి. ఆ తర్వాత బొటనవేళ్ళు రెండూ మెడ వెనక గుంటలోకి పోతాయి. అక్కడ చాలామందికి ఒక ముడి ఉంటుంది. అది వదిలిందంటే మనిషి నిట్టూరుస్తుంది. ఆ నిట్టూర్పు కోసం నురగక్క ఎదురుచూస్తుంది. అది వచ్చాకే షాంపూ.

ఆ సాయంత్రం ఇంటికి పోతూ కూరగాయల కొట్లో ఆగింది. టమాటాలు ఏరుతుంటే పక్కన నీలం కోటు వేసుకున్నావిడ నవ్వుతూ పలకరించింది.

"ఏవండీ, బాగున్నారా? పత్రికలో చూశాను! మీ గురించే కదూ?"

నురగక్క నవ్వింది. ఎవరో తెలియలేదు. ఎంత చూసినా తెలియలేదు.

"గుర్తుపట్టలేదా? నెలనెలా వస్తాగా నేను! మీ చేతిలో గుర్రుపెట్టి నిద్రపోయేదాన్ని."

ఇదీ నురగక్క తంటా. తన దగ్గరికి వచ్చే మొహాలన్నీ ఆవిడకి తలకిందులుగానే తెలుసు. గడ్డం పైన, నుదురు కింద, కళ్ళు మూసి. అలా చూస్తే వందమందిలోనైనా పట్టేస్తుంది. నిటారుగా నిలబడి, కళ్ళు తెరిచి, టమాటాలు ఏరుకునే మనుషులు ఆవిడకి కొత్త.

"ఏమీ అనుకోకండి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటారా?" అంది.

పాపం ఆవిడ నిజంగానే మూసుకుంది. నురగక్క తల పక్కకి వంచి, ఇంకా వంచి, కొట్టువాడు నోరెళ్ళబెట్టి చూస్తుండగా దాదాపు నడుం దాకా వంగి చూసి, "ఆఁ! బ్యాంకావిడ!" అంది. ఇద్దరూ కూరల మధ్య పడీపడీ నవ్వారు.

*

"అడిగావా?" అంది అత్త.

"అడిగాను."

"అడగలేదు. నసిగుంటావు. నీ సంగతి నాకు తెలీదూ!"

అత్త వంటగదిలో స్టూలు మీద కూర్చుంది, మెడ చుట్టూ పాత దుప్పటి కప్పుకుని. నురగక్క నేర్చుకున్నదంతా ఆ తల మీదే. కొన్నాళ్ళ కిందట అత్త జుట్టు నడుం దాటేది. తర్వాత భుజాల దాకా వచ్చింది, తర్వాత చెవుల దాకా. "నా జుట్టంతా నీ చదువుకే పోతోంది" అంటుంది, కానీ వారం తిరిగేసరికి స్టూలు తనే లాక్కుని కూర్చుంటుంది. బస్సు నడిపే కొడుకు ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి, వెనక నుంచి చూసి "ఎవరండీ మీరు?" అని అడిగాడు. ఆ ముచ్చట అత్త కనిపించినవాళ్ళందరికీ చెప్పుకుంది, తనకి వయసు తగ్గిందన్న ధీమాతో.

"నువ్వు కడగడం బాగా చేస్తున్నావని కడగమంటున్నారా? చెడగొట్టు. రేపు ఎవరి కళ్ళలోనైనా సబ్బు పొయ్యి" అంది అత్త.

"అయ్యో, అదేం మాట అత్తయ్యా!"

"మరి? నేనూ చేశాగా. పెళ్ళైన కొత్తలో మీ మావగారి చొక్కాలు ఇస్త్రీ బాగా చేస్తున్నానని, వాళ్ళన్నదమ్ముల చొక్కాలన్నీ నా నెత్తిన వేశారు. ఒక్కటి కాల్చాను. ఒక్కటే. మళ్ళీ అడిగితే ఒట్టు."

నురగక్క పకపకా నవ్వింది. నవ్వుతూనే దువ్వెనతో పాయ తీసి, రెండువేళ్ళ మధ్య పట్టి, కొసలు కత్తిరించింది. వెనక అయ్యాక, చెవుల పక్క. తర్వాత ముందుకొచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, నుదుటి మీది జుట్టు. అత్త కళ్ళు గట్టిగా మూసుకుంది. కత్తెర ఎక్కడా తడబడలేదు.

"చెడగొట్టడం నా వల్ల కాదత్తయ్యా. ఆ మనుషులేం చేశారు? నా చేతుల్లో నిద్రపోతారు వాళ్ళు."

"అయితే ఇంకోసారి అడుగు. ఈసారి నసగకు. వాక్యం చివరిదాకా వెళ్ళు."

*

జాబితా పుణ్యమా అని సెలూన్ ముందు జనం కిటకిటలాడారు. ఫోను మోగడం ఆపితే మేడమ్‌కే భయం వేసేలా మోగింది. వచ్చినవాళ్ళు బేసిన్ పైన అద్దం కట్టిన పేజీ చూసి, కింద నురగక్కని చూసి, "మీరేనా?" అని అడిగి, పడుకుని కళ్ళు మూసుకునేవారు. సాయంత్రమయ్యేసరికి వేళ్ళ కొసలు ముడతలు పడి తెల్లబడేవి. బొటనవేలి పక్కన చర్మం పగిలి మంట. కిటికీ దగ్గరి కుర్చీ మీద మేడమ్ తువ్వాళ్ళ దొంతర పెట్టించింది. ఆ దొంతర చూసినప్పుడల్లా నురగక్కకి ఒళ్ళు మండేది. తువ్వాళ్ళకి దొరికిన కుర్చీ తనకి దొరకలేదు.

జాబితా వచ్చిన వారంలోనే మాస్టారి నడుం పట్టేసింది. పూర్తిగా పడుకోలేదు గానీ, వంగితే లేవలేక, లేస్తే వంగలేక, ఒక్కో తలకీ రెట్టింపు సేపు తీసుకుంటున్నారు. బయట బెంచీ నిండిపోయింది. అప్పుడు నురగక్క చేతులు తుడుచుకుని మేడమ్ దగ్గరికి వెళ్ళింది.

"మేడమ్, ఒక తల నాకివ్వండి. నేను కత్తిరిస్తాను" అంది. వాక్యం చివరిదాకా వెళ్ళింది.

మేడమ్ బెంచీ వంక చూసింది, మాస్టారి నడుం వంక చూసింది. "ఒక్కటి. రెండో కుర్చీలో. చూద్దాం" అంది.

కత్తెర సంచీలోంచి బయటికి వచ్చింది. కూర్చున్నది పొడుగుపాటి ఆవిడ, ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగం కాబోలు, వచ్చినప్పటి నుంచి గడియారం చూసుకుంటోంది. "భుజాల మీదికి రావాలి. అంతే" అంది. కష్టమైనదేం కాదు. అత్త తల మీద ఎన్నిసార్లు చేసిందో.

నురగక్క ఆవిడ వెనక నిలబడి, దువ్వెన తీసి, తలెత్తింది. ఎదురుగా పెద్ద అద్దం. అద్దంలో రెండు కళ్ళు, రెప్ప వెయ్యకుండా, తిన్నగా తన చేతుల్నే చూస్తున్నాయి.

ఇన్నేళ్ళలో ఆవిడ చేతులు పనిచేస్తుంటే ఎవరూ చూసింది లేదు. ఆ చేతుల కింద అందరి కళ్ళూ మూసుకునే ఉంటాయి. ఇప్పుడు దువ్వెన కదిలితే ఆ కళ్ళు కదిలాయి, కత్తెర లేస్తే ఆ కళ్ళు లేచాయి. ఆ చూపుకి భయపడి, జుట్టు వంక చూడ్డం మానేసి, తనూ అద్దంలోనే చూడ్డం మొదలుపెట్టింది, ఆవిడకేం కనిపిస్తోందో తనకీ కనిపించాలని. అద్దంలో దగ్గర దూరమవుతుంది, దూరం దగ్గరవుతుంది. చెయ్యి వెనక్కి తీసుకుంటున్నాననుకుంది. అది ముందుకెళ్ళింది. కత్తెర ఒక్కసారి మూసుకుంది, కుడి చెవి పక్కన.

"అయ్యో" అంది నురగక్క పైకే. ఈ వృత్తిలో నోటంట రాకూడని మాట అదొక్కటే.

అద్దంలోని కళ్ళు నురగక్క మొహం మీదికి వచ్చాయి. "ఏమైంది?"

మాస్టారు నడుం పట్టుకుని, మూలుగుతూనే వచ్చారు. కత్తెర తీసుకుని, పొడుగు తగ్గించి, ఆ గాటు కలిసిపోయేలా మెడ మీదికి తెచ్చి సరిచేశారు. "మీకు ఇదే ఎక్కువ నప్పుతుందండీ, మెడ పొడుగు కదా" అన్నారు. ఆవిడ మర్యాదగానే వెళ్ళింది. వెళ్ళేముందు మాత్రం నురగక్క వంక చూసి, "మీరు కడగడం చాలా బాగుంటుంది" అంది. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

మేడమ్ కోప్పడలేదు. భుజం మీద చెయ్యి వేసి, "చూశావా? ఎవరి పని వాళ్ళకి అందం" అంది. నురగక్కకి ఏడుపొచ్చింది. బేసిన్ దగ్గర ఒక మంచి ఉంది. ఎంత ఏడ్చినా నీళ్ళలో కలిసిపోతుంది, పడుకున్నవాళ్ళు కళ్ళు తెరవరు.

*

ఇంటికొచ్చి కత్తెర సంచి వంటగది బల్ల మీద పడేసింది. "ఇక వద్దత్తయ్యా. నాది చెయ్యి కాదు. నీళ్ళ గొట్టం."

అత్త అంతా విన్నది. మధ్యలో ఎక్కడా అడ్డు తగల్లేదు. అది అత్త స్వభావానికి చాలా విరుద్ధం. విని, లేచి, స్టూలు లాక్కుంది.

"వెనకాల చూడు, ఒకచోట పొడుచుకుంటోంది. అది తీసెయ్యి."

"ఇప్పుడా? నేనేం చెప్తున్నాను, మీరేం చెప్తున్నారు!"

"నీ ఏడుపు నీది, నా మెడ నాది. తియ్యి."

నురగక్క ముక్కు ఎగబీల్చుకుంటూ కత్తెర తీసింది. ఆ పొడుచుకునేది తీసింది. తీశాక పక్కది కాస్త ఎక్కువగా కనిపించింది, అదీ సరిచేసింది. చేతులు వాటంతట అవే పోతున్నాయి. అత్త ఎప్పటిలాగే మధ్యలో మెడ తిప్పి, "ఏదీ, లోపల్నుంచి అద్దం పట్రా, చూస్తాను" అంది.

నురగక్క ఎప్పటిలాగే, "అయ్యాక చూద్దురుగాని, కళ్ళు మూసుకోండి" అంది.

అని, కత్తెర గాల్లో అలాగే ఆపేసింది.

"ఏమైందే? కోశావా?"

"లేదత్తయ్యా" అంది నురగక్క. వంటగది చుట్టూ చూసింది. పొయ్యి, గిన్నెలు, కిటికీ. ఇన్నాళ్ళూ ఈ గదిలో అద్దం లేదన్న సంగతి ఆవిడ గమనించనే లేదు.

*

మర్నాడు బ్యాంకావిడ వచ్చింది. నెలనెలా వచ్చే రోజే. పడుకుని, మెడ తువ్వాలు మీద ఆన్చి, "ఇవాళ నన్ను లేపకండి" అంది. కూరల కొట్లో చూసిన మొహం ఇప్పుడు మళ్ళీ తలకిందులై, నురగక్కకి బాగా తెలిసిన మొహంగా మారింది. నురగక్క బొటనవేళ్ళు మెడ వెనక్కి పోనిచ్చింది. ముడి ఉంది, మామూలుకంటే గట్టిగా. చాలాసేపు పట్టింది. చివరికి నిట్టూర్పు వచ్చింది.

జుట్టు పిండి, తువ్వాలు చుట్టి, "అయిందండీ. మాస్టారి దగ్గరికి" అంది.

బ్యాంకావిడ కళ్ళు తెరవకుండానే, "అబ్బా, ఇప్పుడు లేచి, ఆ అద్దం ముందు కూర్చుని, నా మొహం నేను చూసుకోవాలి. ఇప్పటిదాకా వచ్చిన హాయంతా అక్కడే పోతుంది" అంది. "ఇక్కడే మీరే కత్తిరించెయ్యకూడదూ?"

సరదాకి అంది ఆ మాట. నురగక్కకి తెలుసు సరదాకే అందని. మాస్టారి ముందు ఇంకా ఇద్దరున్నారు, మేడమ్ ఫోనులో ఉంది. ఇప్పుడు కాకపోతే ఇక ఈ జన్మకి బేసినే. ఇవాళ కూడా చెడిందంటే బేసిన్ కూడా ఉండకపోవచ్చు.

"కత్తిరిస్తాను. లేవండి, నా చెయ్యి పట్టుకోండి" అంది. "నేను చెప్పేదాకా కళ్ళు తెరవాల్సిన పన్లేదు."

కిటికీ దగ్గరి కుర్చీ మీది తువ్వాళ్ళ దొంతర ఎత్తి గట్టు మీద పెట్టింది. కుర్చీని పట్టి తిప్పింది. చాలాకాలంగా తిరగనిదేమో కిర్రుమంది, సెలూన్‌లో అందరూ ఇటు చూసేలా. కుర్చీ వీపు అద్దం వైపుకీ, మొహం కిటికీ వైపుకీ వచ్చాయి. బ్యాంకావిడని కూర్చోబెట్టి, మెడ చుట్టూ గుడ్డ కట్టింది.

మేడమ్ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నాలుగడుగులు వేసింది. మొహం ఎర్రగా ఉంది. కానీ కస్టమరు కళ్ళు మూసుకుని, పెదాల మీద నవ్వుతో కూర్చుంది. ఆ మొహం ముందు గొడవ పడడం ఎలాగో మేడమ్‌కి తోచలేదు. అక్కడే నిలబడిపోయింది. మాస్టారి కత్తెర చప్పుడు కూడా ఆగిపోయింది.

నురగక్క జుట్టు వంకే చూసింది. ఈ జుట్టు తనకి తెలుసు. తడిగా ఉన్నప్పుడు తోవ తప్పి ఎటు పోతుందో, ఆరాక ఎంత పైకి ముడుచుకుంటుందో, నడినెత్తిన సుడి ఎటు తిరుగుతుందో, కుడి చెవి వెనక కాస్త పలచన ఎందుకో. ఇన్నాళ్ళూ వేళ్ళకి తెలిసిన సంగతులు ఇప్పుడు కత్తెరకి చెప్పాలి, అంతే. వెనక నుంచి మొదలుపెట్టింది. పాయ తీసి, రెండువేళ్ళ మధ్య పట్టి, ముడుచుకునే పాటి వదిలి, కొస తీసింది. ఇంకో పాయ. మధ్యలో ఒకసారి కత్తెర ఆపింది. బొటనవేలు బ్యాంకావిడ మెడ వెనక గుంటలో ఆన్చింది. ముడి లేదు. కత్తెర మళ్ళీ కదిలింది.

పక్కలయ్యాక ముందుకొచ్చింది. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది, అత్త ముందు కూర్చున్నట్టే. నుదుటి జుట్టు కత్తిరించి, మొహం మీద పడ్డ తుంపులు మెత్తటి బ్రష్షుతో తుడిచింది.

"ఇక తెరవచ్చండి."

బ్యాంకావిడ కళ్ళు తెరిచింది. ఎదురుగా అద్దం లేదు, నురగక్క ఉంది. ఇద్దరూ ఒకరినొకరు అంత దగ్గరగా, తిన్నగా చూసుకోవడం అదే మొదలు. బ్యాంకావిడ కళ్ళు గోధుమరంగువి, ఎడమ కంటి కింద చిన్న పుట్టుమచ్చ ఉంది. తలకిందుల మొహంలో ఆ మచ్చ నురగక్కకి ఎన్నడూ కనిపించలేదు.

"ఎలా ఉంది?" అని అడిగింది బ్యాంకావిడ, నురగక్క మొహంలోకే చూస్తూ.

"బాగుంది" అంది నురగక్క. నిజంగానే బాగుంది.

బ్యాంకావిడ చేత్తో మెడ వెనక తడుముకుంది, తల అటూ ఇటూ ఆడించింది. ఆ తర్వాతే, "ఏదీ, ఇప్పుడు చూపించండి" అంది. కుర్చీ మళ్ళీ కిర్రుమని తిరిగింది. అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంది. "నేనేనా" అంది నెమ్మదిగా.

మాస్టారు నడుం పట్టుకుని వచ్చారు. దువ్వెనతో ఒక పక్క ఎత్తి చూశారు, వెనక్కి వెళ్ళి చూశారు, వంగలేక వంగి చూశారు. ఒకచోట కత్తెర ఎత్తారు. మళ్ళీ దించేశారు. కుర్చీ కింది పెడలు కాలితో నొక్కి, కుర్చీని కాస్త పైకి లేపారు. "ఈ ఎత్తులో పెట్టుకో అమ్మా. లేకపోతే నా నడుమే వస్తుంది నీకూ" అన్నారు. తన కుర్చీ దగ్గరికి వెళ్ళిపోతూ, "కొందరిలో ఇంకొకరు!" అని గొణిగారు. ఈసారి ఆ మాటలో కోపం లేదు.

బ్యాంకావిడ వెళ్ళాక మేడమ్ లోపలి గదిలోకి పిలిచింది. బేసిన్ పక్కన, అద్దం కట్టిన పేజీ కింద నిలబడ్డారు ఇద్దరూ.

"చెప్పకుండా చేశావు" అంది మేడమ్.

"చెప్పి చేస్తే చెయ్యనిచ్చేవారు కాదండీ."

మేడమ్ బయట బెంచీ వైపు చెయ్యి చూపించింది. "మరి వీళ్ళందరి తలలూ ఎవరు కడుగుతారు?"

"నేనే కడుగుతాను. కడగడం మానతానని నేనెప్పుడన్నాను?" నురగక్క ఆ పేజీ వంక చూసింది. ఇన్నాళ్ళూ తనని కట్టేసిన తాడులా కనిపించింది, ఇప్పుడు ఉత్త కాయితంలా ఉంది. "కడిగిన తల నేనే కత్తిరిస్తాను. మొదలూ చివరా ఒకటే చెయ్యి. పడుకోబెట్టి కళ్ళు మూయించాక, లేపి ఇంకొకరికి అప్పజెప్పడం నాకు ముందు నుంచీ నచ్చదండీ. తక్కినవాళ్ళకి కడగడానికి ఇంకో మనిషిని పెట్టుకోండి, నేను నేర్పుతాను. వట్టి కడగడమే అయితే మాత్రం నేనుండలేను."

అంత పెద్ద మాట ఆవిడ నోటి నుంచి వస్తుందని ఇద్దరూ అనుకోలేదు. మేడమ్ అప్పటికే లెక్కలేస్తోంది, అది ఆవిడ కళ్ళలో కనిపిస్తూనే ఉంది. ఇంతలో బెంచీ మీదినుంచి ఎవరిదో గొంతు వినిపించింది, "నాకు అద్దం వైపు కాదండీ. ఆ కిటికీ వైపు కుర్చీయే కావాలి."

మేడమ్ మొహం విచ్చుకుంది. "నేనూ అదే అనుకుంటున్నాను ఎప్పటినుంచో" అంది. అది నిజమని ఆ క్షణం నుంచే నమ్మడం మొదలుపెట్టింది కూడా. "ఆ తువ్వాళ్ళు అక్కణ్ణుంచి తీయించేస్తాను. కత్తిరించేటప్పుడు 'అయ్యో' అనకు, అంతే."

*

ఇంట్లో అత్త ముందు నమ్మలేదు. రెండుసార్లు చెప్పించుకుంది, మూడోసారి మేడమ్ మొహం ఎలా పెట్టిందో చేసి చూపించమంది. అంతా అయ్యాక తల తడుముకుని, "అయితే నా జుట్టు ఇక పెరగనిస్తావా?" అంది. గొంతులో కాస్త దిగులు ధ్వనించింది. నురగక్క స్టూలు లాగింది.

రెండు రోజుల తర్వాత సాయంత్రం, బస్సు కోసం నిలబడి ఉంది నురగక్క. వేళ్ళకి నీళ్ళ వాసన, కాలరు లోపల ఎక్కడో చిన్న చిన్న తుంపులు గుచ్చుకుంటున్నాయి. కత్తిరించేవాళ్ళకి తప్పని ఆ దురద ఆవిడకి హాయిగా ఉంది. రోడ్డుకి అవతల ఆఫీసులు వదిలి జనం గుంపుగా వస్తున్నారు. అందరూ నిటారుగా, కళ్ళు తెరుచుకుని, ఎవరి హడావుడిలో వాళ్ళు.

ఆ గుంపులో ఒక నీలం కోటు. ఎడమ కంటి కింద చిన్న మచ్చ.

నురగక్క తల వంచలేదు. ఎవర్నీ కళ్ళు మూసుకోమనలేదు. రోడ్డు ఇవతలి నుంచే చెయ్యెత్తి, బస్సుల చప్పుడు మీదుగా గట్టిగా కేకేసింది.

"బ్యాంకావిడగారూ!"